మొదటి బోల్టు విప్పకముందు

పాత వాహనాన్ని తిరిగి రోడ్డెక్కించాలని పూనుకున్న పనులు సగంలో ఆగిపోతే, డబ్బు చాలలేదనో పనితనం చాలలేదనో సాధారణంగా చెబుతారు. ఆ రెండూ నిజమే కావచ్చు గాని, వాటికంటే ముందుగా పనిని దెబ్బతీసేది మరొకటుంది: ఒక భాగంలో తెచ్చిన మార్పు ఇంకా ఏయే భాగాల్లో మార్పును కోరుతుందో విప్పకముందే లెక్క వేసుకోకపోవడం. బ్రేకులు మార్చబోయినవారికి చక్రాలూ మార్చాలని, ఇంజిను మార్చబోయినవారికి పెట్రోలు ట్యాంకూ కదిలించాలని పనిలో దిగాక గాని తెలియదు. అప్పటికి షెడ్డు నిండా విప్పిన సామాను, చేతిలో సగం ఖర్చైన సొమ్ము మిగులుతాయి. ఆ లెక్క ఎలా వేసుకోవాలో, అమెరికాలో 1967 నుంచి 1972 వరకు తయారైన షెవ్రోలే సి-10 పికప్ ట్రక్కును ఆధారంగా తీసుకొని ఈ అధ్యాయం పరిశీలిస్తుంది.

ఈ ట్రక్కునే ఎంచుకోవడానికి తగిన కారణాలున్నాయి. నిచ్చెన ఆకారపు ఉక్కు ఛాసీ, దాని మీద రబ్బరు దిమ్మల ఆధారంతో కూర్చున్న క్యాబిన్, వెనక విడిగా బిగించిన సరుకు తొట్టి, ఇంతే దాని నిర్మాణం కావడంతో ఏ భాగాన్నైనా విడిగా దించి పనిచేసుకోవచ్చు. పైగా తలుపు రేకు నుంచి డ్యాష్‌బోర్డు గుండీ వరకు చాలా భాగాలు అమెరికా విడిభాగాల బజారులో ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. పేరులోని ‘సి’ అక్షరం వెనక చక్రాలకు మాత్రమే ఇంజిను శక్తి అందే రకాన్ని సూచిస్తుంది. నాలుగు చక్రాలకూ అందే రకానికి ‘కె’ అని పేరు. 10 అనే అంకె అర టన్ను తరగతికి గుర్తు. ఒకప్పుడు అది మోయగల బరువును చెప్పినా, ఈ ట్రక్కుల కాలానికి తరగతి పేరుగానే మిగిలింది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం పొట్టి తొట్టి రకంలో 115 అంగుళాలు, పొడుగు తొట్టి రకంలో 127 అంగుళాలు. తొట్టి పక్కలు చదునుగా ఉన్న రకాన్ని ఫ్లీట్‌సైడ్ అనీ, చక్రాల పైకప్పులు తొట్టికి వెలుపల ఉబ్బెత్తుగా కనిపించే రకాన్ని స్టెప్‌సైడ్ అనీ అంటారు. పొట్టి రకానికి గిరాకీ ఎక్కువ కావడంతో పొడుగు ఛాసీని కోసి పొట్టిగా అతికించే అలవాటు కూడా ఉంది. అది వెల్డింగులో చేయి తిరిగినవారికే తగిన పని, తొలి ప్రయత్నంగా ఎవరూ తలపెట్టవలసింది కాదు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది గమ్యం. ట్రక్కు కర్మాగారం నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలాగే, అదే రంగుతో, అదే రకం ఇంజినుతో తిరిగి నిలబెట్టడం పునరుద్ధరణ. పాత రూపాన్ని ఉంచి లోపలి యంత్రాంగాన్ని నేటి ప్రయాణానికి తగినట్టు మార్చడాన్ని రెస్టోమాడ్ అంటారు. ఎండకు వెలిసిన రంగునూ గీతలనూ అలాగే ఉంచి, యంత్రాన్ని మాత్రం బాగుచేసుకునే మూడో పద్ధతికి ప్యాటినా అని పేరు; పెయింటు ఖర్చును తప్పించే మార్గంగా మొదలుపెట్టినవారు కూడా చివరికి దాని మీద మమకారం పెంచుకోవడం కద్దు. ఈ మూడింటిలో ఏదీ తక్కువది కాదు. అయితే మధ్యలో మనసు మార్చుకొనే పద్ధతి మాత్రం అన్నిటికంటే ఖరీదైనది; ఎందుకంటే పునరుద్ధరణ కోసం కొన్న అసలు కార్బురేటరు రెస్టోమాడ్‌లో పనికిరాదు, రెస్టోమాడ్ కోసం ఛాసీకి పెట్టిన కోత పునరుద్ధరణలో పూడదు.

గమ్యం తేలాక ఒక నోటుపుస్తకంలో ప్రతి పుటనూ రెండు నిలువు వరుసలుగా విభజించి, ఎడమవైపు చేయదలచిన మార్పునూ, కుడివైపు ఆ మార్పు కోరే ఇతర మార్పులన్నిటినీ రాసుకోవాలి. కుడివైపు రాసిన ప్రతి అంశాన్నీ మళ్లీ ఎడమవైపుకు తెచ్చి అదే ప్రశ్న వేసుకుంటూ, కొత్త అంశమేదీ పుట్టని దశ వచ్చేవరకు ఇలా సాగాలి. పట్టిక పూర్తయ్యేసరికి అనుకున్న మార్పుల్లో కొన్ని వాటంతట అవే రాలిపోతాయి. దీన్నంతటినీ కాగితం మీది శ్రమగా తీసిపారేసేవారు ఉంటారు గాని, కాగితం మీద కొట్టివేసిన గీతకు ఖర్చు లేదు.

కొనేముందు చూడవలసిన వాటిలో కాగితాలది మొదటి స్థానం. ఈ ట్రక్కుల్లో వాహన గుర్తింపు సంఖ్య ఉన్న రేకు డ్రైవరు వైపు తలుపు చట్రం మీద ఉంటుంది. అదే సంఖ్య కుడివైపు ఛాసీ పట్టీ మీద కూడా అచ్చుగుద్ది ఉంటుంది, కాకపోతే దశాబ్దాల మట్టి, జిడ్డు గీకితే గాని అది కనిపించదు. ఇంజిను రకాన్ని తెలిపే స్థానంలో ‘ఎస్’ ఉంటే ఆరు సిలిండర్లదనీ, ‘ఇ’ ఉంటే ఎనిమిది సిలిండర్ల వి-8 అనీ అర్థం. గ్లవ్ బాక్సు మూత లోపలి వైపు అతికించిన కాగితం చినగకుండా మిగిలి ఉంటే, ఆ ట్రక్కుకు కర్మాగారంలో ఏయే అదనపు అమరికలు చేశారో దానిలో చదువుకోవచ్చు. ఈ మూడు ఆధారాలూ, యాజమాన్య పత్రమూ ఒకే మాట చెప్పాలి. అలా చెప్పని బండిని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకపోవడమే మంచిది. గుర్తింపు సంఖ్యను చెరపడం, మార్చడం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం నేరం కాబట్టి, పెయింటు పనిలో ఆ రేకును సరదాగా ఊడదీసి పక్కన పెట్టడం కూడా చిక్కులు తెస్తుంది.

తరువాతిది తుప్పు. పైకి కనిపించే తుప్పు అంత ప్రమాదకరం కాదు, దాగి ఉన్నదే అసలు ఖర్చు పెంచుతుంది. క్యాబిన్ వెనక మూలల అడుగు, తలుపుల కింద పొడవునా సాగే రాకర్ ప్యానెళ్లు, కాళ్ల కింది నేల రేకు, క్యాబిన్‌ను ఛాసీకి పట్టి ఉంచే దిమ్మల చోటు, ముందు అద్దం కింది గాలి పెట్టె, పైకప్పు అంచున వాన నీరు జారే గాడి, ఇవి ఈ ట్రక్కులో నీరు నిలిచే చోట్లు. మెత్తని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని ఈ చోట్ల ఆనించి చూస్తే, లోపల ఇనుము బదులు పుట్టీ నింపి రంగు పూసిన చోట అది అంటుకోదు. వీటిలో రాకర్ ప్యానెల్ కేవలం అలంకార రేకు కాదు, తలుపు ద్వారం ఆకారాన్ని నిలబెట్టే భాగం. దాన్ని కోసి తీసేముందు ద్వారానికి అడ్డంగా ఇనుప కమ్ములను తాత్కాలికంగా వెల్డ్ చేయకపోతే క్యాబిన్ కుంగి, కొత్త రేకు ఎంత చక్కగా అతికించినా తలుపు మూసుకోదు. కాబట్టి ఒక వైపు పని పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవడం, ప్రతి దశలోనూ తలుపు బిగించి చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసుకోవడం, పూర్తి వెల్డింగుకు ముందు అక్కడక్కడ చుక్కలుగా మాత్రమే అతికించడం ఈ పనిలో తప్పని నియమాలు.

రేకు మీది పాత రంగును తొలగించడానికి ఇసుక ఊదే యంత్రం వాడితే ఛాసీ వంటి మందపాటి ఉక్కుకు నష్టం లేదు గాని, బానెట్, తలుపు, పైకప్పు వంటి వెడల్పాటి పలుచని రేకులు ఆ తాకిడికి సాగి అలలు తేలుతాయి. వాటికి రసాయన లేపనమో మృదువైన పొడులో వాడాలి. బయటపడిన ఇనుమును గాలికి వదలకుండా వెంటనే ఎపాక్సీ ప్రైమరు, అంటే రెండు ద్రవాలు కలిసి గట్టిపడి తేమను అడ్డుకొనే తొలి పూత, వేయాలి. ఇక్కడే ఆరోగ్యానికి సంబంధించిన హెచ్చరిక అవసరం: ఆనాటి రంగుల్లో సీసం, బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేవి కాబట్టి వాటిని పొడిగా గీకి ధూళి లేపకూడదు. నేటి రెండు ద్రవాల పెయింటులో గట్టిపరిచే ద్రవంలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీయగలవు. గుడ్డ ముసుగు వాటిని ఆపదు, బయటి గాలిని గొట్టం ద్వారా అందించే ముసుగు కావాలి. అది లేనివారు రంగు పనిని దుకాణానికి అప్పగించడమే వివేకం.

యంత్రభాగాల్లో పని ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు సమాధానం ఒక్కటే: బ్రేకులు. ఈ ట్రక్కులకు 1967 నుంచే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ విడివిడి ద్రవ మార్గాలున్న మాస్టర్ సిలిండరు ఉంది; ఒక మార్గం కారిపోయినా రెండోది పనిచేస్తుంది. కాని 1970 వరకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే సాధారణం. 1971లో గాని ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు తప్పనిసరి అమరికగా రాలేదు. కాబట్టి 1968 ట్రక్కు యజమాని 1971 నాటి డిస్కులను తెచ్చి బిగించాలనుకోవడం సహజమే. నోటుపుస్తకం విలువ తెలిసేది ఇక్కడే. అంతకు ముందు అర టన్ను ట్రక్కుల్లో చక్రాన్ని ఆరు బోల్టులు పట్టి ఉంచేవి. 1971 నుంచి రెండు చక్రాల చోదనమున్న రకానికి అవి ఐదయ్యాయి. ముందు డిస్కులు మార్చగానే ముందు చక్రాలకు ఐదు బోల్టులు, వెనక చక్రాలకు ఆరు బోల్టులు అవుతాయి, స్టెపినీ ఏదో ఒక వైపుకే పనికివస్తుంది. దాన్ని సరిచేయాలంటే వెనక ఇరుసో దాని షాఫ్టులో మార్చాలి, లేదా ఆరు బోల్టుల డిస్కులు తయారుచేసి అమ్మేవారి నుంచి కొనాలి. డిస్కుకు డ్రమ్ముకంటే ఎక్కువ ఒత్తిడి కావాలి కాబట్టి ఇంజిను పీల్చే శూన్యంతో కాలికి తోడ్పడే బూస్టరు, ముందు వెనక చక్రాల మధ్య ఒత్తిడిని తగిన పాళ్లలో పంచే వాల్వు అవసరమవుతాయి. డ్రమ్ముల కోసం చేసిన పాత మాస్టర్ సిలిండరులో కొద్ది ఒత్తిడిని ఎప్పుడూ నిలిపి ఉంచే చిన్న కవాటం ఉంటుంది. దాన్ని డిస్కు మార్గంలో వదిలేస్తే ప్యాడ్లు డిస్కును వదలక వేడెక్కిపోతాయి. డిస్కులు మార్చాలన్న ఒక్క పంక్తి కింద ఇన్ని అంశాలు పుడతాయని ముందే చూసినవారు ఆరు బోల్టుల డిస్కులనే కొని గొలుసును అక్కడే తెంపుకుంటారు. అది చాలా సందర్భాల్లో సరైన నిర్ణయం.

ట్రక్కును నేలకు దించడం, అంటే ఎత్తు తగ్గించడం, ఈ బండి ప్రియుల్లో విస్తృతంగా ఉన్న మోజు. ముందు భాగంలో దీనికి రెండు మార్గాలున్నాయి. స్ప్రింగును కోసి పొట్టి చేయడం చవక, కాని దానితో చక్రం కదిలే కోణాలు మారిపోతాయి. చక్రం తిరిగే ఇరుసు ముక్కను రెండున్నర అంగుళాలు పైకి జరిపి తయారుచేసిన డ్రాప్ స్పిండిల్ బిగిస్తే స్ప్రింగు, చక్రాన్ని ఛాసీకి కలిపే చేతులు తమ స్థానాల్లోనే ఉండి బండి మాత్రమే దిగుతుంది. వెనక భాగంలో మాత్రం పని అంత తేలిక కాదు. షెవ్రోలే అర టన్ను ట్రక్కులో సాధారణంగా వెనక ఇరుసును రెండు పొడవైన చేతులు ముందుకు పట్టి ఉంచగా కాయిల్ స్ప్రింగులు బరువు మోస్తాయి. జీఎంసీ పేరుతో అమ్మిన అదే ట్రక్కులో కమాన్లు సాధారణం. కాయిల్ రకంలో ఇరుసు పక్కకు జరగకుండా ఛాసీ నుంచి అడ్డంగా వచ్చే ప్యాన్‌హార్డ్ కడ్డీ ఉంటుంది. బండి దిగినకొద్దీ ఆ కడ్డీ వాలు మారి ఇరుసును ఒక పక్కకు నెడుతుంది, దాంతో ఒక చక్రం తొట్టి అంచుకు దగ్గరై రెండోది బయటికి పొడుచుకొస్తుంది; కాబట్టి పొడవు సవరించుకోగల కడ్డీ కావాలి. షాక్ అబ్జార్బర్లు పొట్టివి కావాలి, లేదా వాటి చోటు మారాలి. ఇంకా దించితే గతుకు తగిలినప్పుడు ఇరుసు ఛాసీ పట్టీని కొడుతుంది; దాన్ని తప్పించడానికి పట్టీ కింది అంచును అర్ధచంద్రాకారంలో కోసి, కోసిన చోట మందపాటి ఉక్కు పలకతో బలపరుస్తారు. దీన్నే సి-నాచ్ అంటారు. మరీ దించినవారికి తొట్టి నేల కూడా పైకి లేపవలసి రావడంతో పికప్ ట్రక్కు సరుకు మోసే పనినే వదులుకుంటుంది. నాలుగంగుళాల దగ్గర ఆగినవారు అందాన్నీ ఉపయోగాన్నీ రెండింటినీ నిలుపుకుంటారన్నది ఇక్కడ చేయదగిన సూచన.

ఇంజిను విషయంలో కర్మాగారం ఇచ్చినవి తక్కువ కావు: 250, 292 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్లు, 307, 350 వంటి చిన్న వి-8లు, పెద్దవాటిలో 396. వీటిలో ఏదైనా ఆరోగ్యంగా ఉంటే దాన్నే బాగుచేసుకోవడం గౌరవప్రదమైన మార్గం. కాకపోతే క్యామ్‌షాఫ్టు మీద సాదా బల్లపరుపు టాపెట్లు జారే ఈ ఇంజిన్లకు జింకు సమ్మేళనం తగినంతగా ఉన్న ఇంజిన్ ఆయిలు కావాలనీ, ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను తినేస్తుందనీ గుర్తుంచుకోవాలి. 1999 తరువాతి జీఎం ట్రక్కుల నుంచి తీసిన 5.3 లీటర్ల వి-8 ఇంజినును అమర్చడం నేడు బాగా ప్రచారంలో ఉన్న మార్పు. ఎల్ఎస్ కుటుంబానికి చెందిన ఈ ఇంజిన్లు పాతబండ్ల యార్డుల్లో సులభంగా దొరుకుతాయి, గట్టివి కూడా. కాని దాని కుడివైపు వరుస పుట చివరి వరకు సాగుతుంది. కార్బురేటరుకు ఐదారు పౌండ్ల ఒత్తిడి చాలగా, దీని ఇంజెక్టర్లకు చదరపు అంగుళానికి 58 పౌండ్ల ఒత్తిడి కావాలి. అంటే విద్యుత్ పంపు, కొత్త గొట్టాలు, పంపును ముంచి ఉంచే ట్యాంకు కావాలి. పాత ట్యాంకు క్యాబిన్‌లో సీటు వెనకే ఉంటుంది, భద్రత దృష్ట్యా దాన్ని తొట్టి కిందికి మార్చడం ఎలాగూ మంచిదే కాబట్టి ఈ రెండు పనులూ ఒక్కటిగా చేయాలి. ఇంజిను అడుగున ఆయిల్ పాత్ర ముందు అడ్డపట్టీకి తగలకుండా మరో ఆకారంలోది వెతకాలి. ఇంజిను కంప్యూటరుకు సొంత వైరింగు, ఆ కంప్యూటరులోని దొంగతన నిరోధక లాకును తొలగించే ప్రోగ్రామింగు అవసరం. దానితోపాటు వచ్చే 4ఎల్60ఇ గేర్‌బాక్సులో నాలుగో గేరు నిష్పత్తి 0.70 కావడం వల్ల హైవే మీద ఇంజిను నెమ్మదిగా తిరుగుతుంది, ప్రయాణానికి నిజంగా హాయినిచ్చేది అదే. కాని ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మారుతుంది, కేబులుతో తిరిగే పాత స్పీడోమీటరు పనిచేయదు. ఇంతా చేసి బ్రేకులు డ్రమ్ములుగానే వదిలినవారు ఉన్నారు. దాన్ని తొందరపాటు అనడం మర్యాద మాట.

వైరింగు గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. దీపాలు మసకబారడం, మీటర్ల ముల్లులు ఊగడం, స్టార్టరు నీరసించడం వంటి వింత జబ్బుల్లో అధిక భాగం ఇంజిను, క్యాబిన్, ఛాసీ ఈ మూడింటినీ బ్యాటరీకి కలిపే ఎర్త్ వైర్ల దగ్గరే నయమవుతాయి. రంగు పూసిన రేకు మీద ఎర్త్ బిగిస్తే అది ఎర్త్ కాదు. ఏసీ, విద్యుత్ ఫ్యాను, ఇంధన పంపు చేర్చినప్పుడు ఆనాటి చిన్న ఆల్టర్నేటరు చాలదు. దాని స్థానంలో పెద్దది, దానికి తగిన మందం వైరు, భారీ కరెంటు స్విచ్చు గుండా పోకుండా అడ్డుపడే రిలేలు కావాలి.

విప్పే పద్ధతికి కూడా క్రమశిక్షణ ఉంది. ఒకేసారి బండినంతా విప్పేస్తే కలిగే ఉత్సాహం కొద్ది రోజుల్లో చల్లారిపోతుంది, బండి మాత్రం షెడ్డులో గుట్టగా మిగులుతుంది. కాబట్టి ఛాసీ తుప్పు తప్పనిసరి చేస్తే తప్ప ఒక వ్యవస్థను విప్పి, బాగుచేసి, బిగించి, బండిని నడిపి చూశాకే మరొకదాన్ని ముట్టుకోవడం ఉత్తమం. విప్పిన ప్రతి బోల్టూ పేరు రాసిన సంచిలోకి, ప్రతి కూర్పూ ఫోటోలోకి చేరాలి. టెక్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు దీనిలో మరో లాభముంది: చాలా కాలనీల గృహయజమానుల సంఘాలు ఇంటి ముందు కదలని బండిని నిలపనివ్వవు, తన చక్రాల మీద తాను గ్యారేజీలోకి వెళ్లగలిగే ట్రక్కు విషయంలో ఆ తగాదా రాదు. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందరి నమూనాల పెట్రోలు వాహనాలకు పొగ తనిఖీ నుంచి మినహాయింపు ఉండటం కూడా ఈ ట్రక్కులకు కలిసొచ్చిన విషయమే.

భారతదేశంలో పాత విల్లీస్ జీపు వంటి బండితో ఇదే పని తలపెట్టేవారికి చట్టం వేరుగా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నమైన మార్పులను నిరోధిస్తుందని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. ఇంజిను మార్పు వంటివాటికి రవాణా శాఖ అనుమతి ముందుగా ఉండాలి. మరోవైపు 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నియమాలు 50 ఏళ్లు దాటి, మూల స్వరూపంలో ఉన్న సొంత వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ కల్పించాయి. తొలి రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. అంటే ఇక్కడి చట్టం పునరుద్ధరణకు తలుపు తెరిచి, రెస్టోమాడ్‌కు దాదాపు మూసింది. గమ్యాన్ని ఎంచుకునే దశలోనే ఈ సంగతి పుస్తకంలో చేరాలి.

పని పూర్తయ్యాక బీమా తీసుకునేటప్పుడు మామూలు పాలసీ పనికిరాదు, ఎందుకంటే అది బండిని పాతబడిన సామానుగా లెక్కగట్టి విలువ తగ్గిస్తుంది; యజమానీ సంస్థా ముందుగానే అంగీకరించిన మొత్తాన్ని చెల్లించే పాలసీ కావాలి, దానికి రసీదులు, దశలవారీ ఫోటోలే సాక్ష్యం. తొలి ప్రయాణాలు ఇంటికి దగ్గరలో, పగటిపూట, పనిముట్ల పెట్టెతో సాగాలి. కొత్త స్ప్రింగులు కొన్ని వందల మైళ్లకు గాని తమ ఎత్తుకు కుదురుకోవు కాబట్టి చక్రాల అలైన్‌మెంటు తుది సవరణను అప్పటివరకు ఆపి, ఈలోగా చక్రాల నట్లను, ఇరుసును పట్టిన యు-బోల్టులను, సస్పెన్షన్ బోల్టులను టార్కు పానాతో మళ్లీ బిగిస్తూ, బ్రేకు గొట్టాల కీళ్ల దగ్గర తడి ఉందేమో వేలితో తడిమి చూస్తూ ఉండాలి.